నిర్మల్‌ల వెయ్యి మంది మగవాళ్లకు 1046 మంది ఆడవాళ్లు: ఆ లెక్క ఏం చెప్తది, ఏం చెప్పది

తమ్మీ, నీ ప్రశ్న చదివిన. మీది హన్మకొండ, మీ చెల్లెకు నిర్మల్ నుంచి సంబంధం వచ్చింది, నెట్‌ల చూస్తే తెలంగాణ మొత్తంల ఆడవాళ్ల లెక్క అందరికంటే ఎక్కువ నిర్మల్ జిల్లాలనే, వెయ్యి మంది మగవాళ్లకు 1046 అని కనిపించింది. అంటే అక్కడ ఆడపిల్లను మంచిగ చూస్కుంటరా, ఊరు ఎసొంటిది, ఏ జనం ఉంటరు అని అడిగినవ్.

సీదా జవాబు ముందే చెప్తా. ఊరు మంచిది, పిల్లనియ్యడానికి భయపడే ఊరు కాదు. కానీ ఆ 1046 చూసి మాత్రం ఖాయం చేస్కోకుండ్రి. ఆడవాళ్లను ఎట్ల చూస్తరో ఆ అంకె చెప్పది, మగవాళ్లు ఎంతమంది ఇంట్ల లేరో చెప్తది. మీరు అడగాల్సింది పిల్లగాడు యాడ పని చేస్తుండు, పెండ్లయినంక మీ చెల్లె యాడుంటది, ఎవరితోని ఉంటది అని.

నేను ఈ చుట్టుపక్కల సర్కారు బళ్లల్ల 30 ఏళ్లకు పైన పంతులు పని చేసిన. 1991ల, 2001ల జనగణనకు ఎన్యూమరేటర్‌గ గల్లీ గల్లీ తిరిగిన, 2011ల సూపర్‌వైజర్‌గ చేసిన, 2014 ఆగస్టు 19 నాడు సమగ్ర కుటుంబ సర్వేల గూడ డ్యూటీ పడ్డది. అందుకే ఈ అంకె కింద ఏమున్నదో చెప్పాలని కూసున్న, కొంచెం లంబ అయితది, ఓపికతోని చదువు.

ముందుగాల, 1046 అన్నది 2011 జనగణనల జిల్లా లెక్క, ఊరి లెక్క కాదు. 2011ల నిర్మల్ పట్నం జనం 88,433, జిల్లా మొత్తం 7,09,418. అసలు 2011ల నిర్మల్ జిల్లానే లేదు, ఆదిలాబాద్ జిల్లల ఉండె, 2016 అక్టోబర్‌ల కొత్త జిల్లా అయినంక పాత లెక్కలనే కొత్త సరిహద్దుల ప్రకారం మళ్ల విడగొట్టిండ్రు. అట్ల విడగొడితే తమాషా బయటపడ్డది. పాత ఆదిలాబాద్ మొత్తంల ఆడా మగా దగ్గర దగ్గర సమానం, 1001. అందుల నుంచి నిర్మల్ వేరుపడంగనే 1046కు పోయింది, మంచిర్యాల వేరుపడంగనే వెయ్యి కిందికి దిగింది. ఒక్క తల్లి పిల్లలే రెండు జిల్లాలు, పక్కపక్కనే ఉంటయి, ఆడవాళ్లను చూసే తీరు గూడ అంత వేరేం కాదు. మరి తేడా యాడికెల్లి వచ్చింది? మంచిర్యాల దిక్కు సింగరేణి బొగ్గు బాయిలున్నయి, పని కోసం మగవాళ్లు ఆడికి వస్తరు. నిర్మల్ దిక్కు అట్లాంటిది లేదు, మగవాళ్లు పని కోసం ఈడికెల్లి పోతరు. యాడికి పోతరంటవా, దుబాయ్, మస్కట్, సౌదీ, ఖతర్, కువైట్. లేకుంటే భీవండి, ముంబై, హైదరాబాద్.

నిర్మల్ తర్వాత ఎవరున్నరో చూడు. నిజామాబాద్ 1044, జగిత్యాల 1036. పటం తీసి పెట్టుకో, గోదావరికి అటు ఇటు ఒక్క తీరు బెల్టు కనిపిస్తది. మగవాళ్లు గల్ఫ్‌ల, ఆడవాళ్లు ఇంట్ల బీడీలు చుట్టుకుంట. రాష్ట్రం మొత్తంల లెక్క 988.

ఇప్పుడు అసలు కిటుకు: జనగణన గల్ఫ్‌ల ఉన్నోన్ని లెక్కవెట్టది. రూల్ ఏందంటే, 2011ల ఫిబ్రవరి 9 నుంచి 28 దాక లెక్క నడిచింది, ఆ రోజులల్ల మనిషి తన ఇంట్ల ఉంటేనో, నడుమ ఎప్పుడన్న వచ్చి పోయేదుంటేనో రాస్తరు. ఆ దినాలు మొత్తం వేరే తాన ఉంటే ఇంటికాడ రాయరు, ఆయన దేశంల యాడుంటే ఆడ రాస్తరు. దేశం బయట ఉన్నోడు యాడా లెక్కల రాడు. భీవండిల మగ్గం నడిపేటోడు మహారాష్ట్ర లెక్కల పడ్డడు, మస్కట్‌ల మేస్త్రి పని చేసేటోడు అసలు ఏ లెక్కలనే లేడు. వాని పెండ్లాం పిల్లలు మాత్రం ఈడ లెక్కల ఉన్నరు. అంతే, 1046 అట్ల తయారైంది.

2001ల బంగల్‌పేట దిక్కు ఒక ఇంట్ల ఒక ముసలవ్వ నాతోని పెద్ద పంచాయితే పెట్టుకుంది. ఇద్దరు కొడుకులు సౌదీల, ఇంట్ల ఇద్దరు కోడండ్లు, నలుగురు పిల్లలు, ఈమె. నేను ఏడుగురి పేర్లే రాసుకుంట పోతున్న. "నా కొడుకుల పేర్లు ఎందుకు రాయవు సారూ, ఆళ్లు సచ్చిండ్రా?" అని అడిగింది. రాయకుంటే రేషన్ కార్డుల గూడ పేరు తీసేస్తరని ఆమె భయం. అట్ల కాదు అవ్వా, ఇది వేరే కాయితం అని సమజ్ చేసేవరకు నాకు అర్ధగంట పట్టింది, అయినా ఆమె మొఖం నార్మల్ కాలేదు. ఆ కాయితంల కుటుంబ పెద్ద అనే ఖానాల ఆమె పేరే రాసిన, 60 దాటిన మనిషి, ఇంటి తాళంచెవులు ఆమె కొంగుకే ఉన్నయి, రాసింది తప్పేం కాదు. కానీ ఇప్పటికీ ఎవరన్న 1046 అని గొప్పగ చెప్తే నాకు ఆ ఇల్లే యాదికొస్తది.

2014ల సర్కారు ఒక్కదినంల సర్వే పెట్టినప్పుడు దీనికి ఉల్టా చూసిన. ఆ దినం ఇంట్ల లేకుంటే పథకాలు రావని ఊరంత పుకారు లేచింది, భీవండి నుంచి, హైదరాబాద్ నుంచి వచ్చే బస్సులు కిక్కిరిసి వచ్చినయి. ఎప్పుడూ తాళం ఉండే ఇండ్లు ఆ నాడు తెరిచి ఉన్నయి, అరుగుల మీద మగవాళ్లు కూసోని ఉన్నరు. అదే ఊరు, అవే ఇండ్లు, లెక్క వెట్టే తీరు మారంగనే జనం మారిపోయిండ్రు. గల్ఫ్‌ల ఉన్నోళ్లు మాత్రం అప్పుడు గూడ రాలేకపోయిండ్రు, వాళ్ల ఇండ్లల్ల పాస్‌పోర్టు జిరాక్సులు పట్టుకొని ఆడవాళ్లు నా ఎంట తిరిగిండ్రు.

పసిపిల్లల లెక్క వేరేగ ఉంటది, ఆరేండ్ల లోపు పిల్లలది. ఆడపిల్ల మీద ఒక సమాజం మనసు తెల్వాలంటే చూడాల్సింది అది. రాష్ట్రం మొత్తం తీస్కుంటే ఆ వయసుల ఆడపిల్లలు మగపిల్లల కంటే తక్కువే ఉన్నరు. మొత్తం జనం లెక్క 988 ఉంటే, పసిపిల్లల లెక్క దానికంటే గూడ తక్కువ అంటే ఏమర్థమో నీకే తెలుస్తది.

ఇగ ఊరి సంగతి.

నిర్మల్ ముందునుంచి బయటినుంచి వచ్చినోళ్లతోని నిండిన ఊరు. ఇప్పుడు బయటికి పోతున్నరు గని, ఒకప్పుడు అందరూ ఈడికి వచ్చినోళ్లే. 17వ శతాబ్దంల నిమ్మ నాయుడు అనే వెలమ దొర ఏలిండని, ఆయన పేరు మీదనే ఊరికి పేరొచ్చిందని చెప్పుకుంటరు, బొమ్మలు చేసే నకాషీలను గూడ ఆయనే రాజస్థాన్ దిక్కు నుంచి పిలిపించి పెట్టుకున్నడని వాళ్లే చెప్తరు. తర్వాత నిజాం కాలంల గఢ్‌లు కట్టిండ్రు, హైదరాబాద్ నుంచి వస్తుంటే రోడ్డు పక్కనే కనిపించే శ్యామ్‌గఢ్, ఇంక సోన్‌గఢ్, బత్తీస్‌గఢ్, ఫ్రెంచి ఇంజనీర్లను పెట్టి కట్టించినవి. కోట అన్నంక సిపాయిలు వస్తరు, తోపులు పోసేటోళ్లు వస్తరు, వాళ్లకు సామాను అమ్మే కోమట్లు వస్తరు. ఊరి చుట్టూ గొలుసుకట్టు చెరువులు, ధర్మసాగర్, కంచరోని చెరువు, ఖజానా చెరువు. పాత పేటల పేర్లు వింటేనే తెలుస్తది, బుధవార్‌పేట్, గాజుల్‌పేట్, నాయుడివాడ, కస్బా, ఈద్గాం, బ్రహ్మపురి. ఒకటి సంత దినం, ఒకటి కులపు పని, ఒకటి దొర, ఒకటి ఈద్గా. అన్నీ నడిచి పోయేంత దూరంలనే ఉన్నయి.

1857 తర్వాత తెల్లోళ్ల మీద, నిజాం మీద ఈడ కొట్లాడిన రాంజీ గోండు గురించి వినే ఉంటవు. ఆయన ఎంట గోండులే కాదు, రోహిల్లాలు, మరాఠీలు గూడ ఉండిండ్రు. 1860ల ఆయన్ను, ఆయన ఎంట వెయ్యి మందిని ఒక్క మర్రిచెట్టుకు ఉరి తీసిండ్రని చెప్తరు, వెయ్యి ఉరుల మర్రి అంటరు దాన్ని. చెట్టు ఇప్పుడు లేదు, గాలివానకు పడిపోయింది, ఆ జాగ మాత్రం ఉన్నది. బళ్లె పిల్లలకు ఈ కథ చెప్పినప్పుడు నేను ఎప్పుడూ ఒక్కటే అడుగుతుంటి, ఆ వెయ్యి మంది ఎన్ని భాషలు మాట్లాడి ఉంటరు చెప్పుండ్రి అని. పిల్లలు వేళ్లు మడుస్తుండ్రి: గోండి, తెలుగు, ఉర్దూ, మరాఠీ.

ఆ నాలుగూ ఇప్పటికీ ఊర్ల ఉన్నయి. బస్టాండ్ కాడ నిలబడితే అన్నీ చెవుల పడతయి. మరాఠీ ఎందుకంటే, 1956ల రాష్ట్రాలను భాషల మీద విడగొట్టినప్పుడు ఆదిలాబాద్ నుంచి కిన్వట్, రాజురా అటు బొంబాయి రాష్ట్రంల పోయినయి, నాందేడ్ నుంచి ముధోల్ తాలూకా ఇటు వచ్చింది. అందుకే ఇప్పుడు మన జిల్లల ముధోల్, భైంసా, కుభీర్, తానూర్ దిక్కు ఇంట్ల మరాఠీ, బజార్ల తెలుగు. మీ చెల్లె అత్తగారి దిక్కువాళ్లు ముధోల్ వైపోళ్లయితే పండుగలు, వంటలు కొంచెం వేరే ఉంటయి, అది అడిగి తెల్సుకోండ్రి. భైంసా గురించి అప్పుడప్పుడు వార్తలల్ల గొడవలు వస్తే నిర్మల్ అంతా అట్లనే ఉంటదని అనుకోకు, రెండూ వేరే ఊళ్లు, నడుమ గంట తొవ్వ.

భాష లెక్కల గూడ ఒక మెలిక ఉన్నది, ఎవరన్న పట్టిక చూపెట్టి ఈ జిల్లల హిందీ మాట్లాడేటోళ్లు ఇంతమంది అంటే నమ్మకు. జనగణనల తండావాళ్లు లంబాడీ అని చెప్తే మనం లంబాడీ అనే రాస్తం, కానీ ఢిల్లీల పట్టికలు తయారుచేసేటప్పుడు దాన్ని హిందీ కింద కలిపేస్తరు. గోండి మాత్రం విడిగ ఉంటది. కడెం, ఖానాపూర్, మామడ దిక్కు తండాలు తిరిగినోనికి తెలుసు, ఆడ హిందీ ఇంటిభాష అయిన ఇల్లు మీకు దొర్కుడే కష్టం. మాతృభాష అంటే చిన్నప్పుడు తల్లి ఏ భాషల మాట్లాడిందో అదే రాయాలె, మనిషి ఇప్పుడు ఏం మాట్లాడుతుండన్నది కాదు. కస్బాల ఒక దర్జీ నాతోని మొత్తం తెలుగుల మాట్లాడి, ఖానా కాడికి రాంగనే ఉర్దూ అని రాయించిండు. కరెక్టే రాయించిండు, వాళ్ల అమ్మ భాష అదే.

నకాషీలు ఎందరున్నరని గూడ చాన మంది అడుగుతరు, కొయ్యబొమ్మల ఊరు కదా. జనగణనల ఆ లెక్క దొరకది. ఎస్సీ, ఎస్టీ తప్ప వేరే కులం రాయలేదు మేము. నాకు తెల్సిన మాట చెప్తా: బొమ్మల పని మీదనే బతికే ఇండ్లు వేళ్ల మీద లెక్కవెట్టేటట్టు అయితున్నయి. పొనికి కర్ర దొరకాలె, అడవిలకెల్లి అది రావుడు ఎప్పటికప్పుడు కష్టమైతుంది, అది ఎండాలె, చెక్కినంక ముక్కలను చింతగింజల అంబలి, రంపపు పొట్టు కలిపిన ముద్దతోని అతకాలె, మళ్ల ఎండాలె, నునుపు చెయ్యాలె, అప్పుడు రంగులు. 1955ల పెట్టిన బొమ్మలోళ్ల సొసైటీ ఇంకా నడుస్తుంది. నా దగ్గర చదువుకున్న నకాషీ పిల్లలల్ల ఒక్కడే పనిల ఉన్నడు, వాడు చేసే సీతాఫలం బొమ్మ పక్కన అసలు కాయ పెడితే నేను రెండుసార్లు తప్పు చెప్పిన. మిగతావాళ్లల్ల ఒకడు మొబైల్ షాపు, ఒకడు ఖతర్. ఖతర్‌ల ఉన్నోడు ఆడ గోడలకు పెయింటింగ్ వేస్తుండట, ఆ మాట విన్ననాడు నాకు చాన బాధైంది. వాని చేతుల్ల ఎంత పనున్నదో నేను చూసిన.

ఆడవాళ్ల సంగతికి వస్తా, నీకు కావాల్సింది అదే.

నిర్మల్ చుట్టుపక్కల ఊళ్లల్ల ఇంటింటికి ఒడిల చాట పెట్టుకొని కూసున్న ఆడవాళ్లను చూస్తవు. బీడీల పని అది: తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టుడు. పొద్దంత పని, మెడ గుంజుతది, వేళ్లు పసుపు పడుతయి, తంబాకు ఘాటుకు దగ్గు వస్తది. కానీ ఆ పైసలు ఆమె చేతికే వస్తయి, పీఎఫ్ ఉంటది, 2015 నుంచి పీఎఫ్ ఉన్న బీడీ కార్మికులకు సర్కారు భృతి గూడ ఇస్తుంది. మొగడు దుబాయ్ పోతా అంటే ఏజెంటుకు కట్టే అప్పు తెచ్చేది, ఆ అప్పు తీర్చేది, మొదటి ఏడాది ఆడికెల్లి పైసలు రాకుంటే ఇల్లు నడిపేది ఈ బీడీ పైసలే. నేను ఎన్నో ఇండ్లల్ల చూసిన.

1991ల నేను కొత్త. ఇంటికి పోతే మగాయన బయటికి వచ్చి "ఆమె ఏం పని చెయ్యది సార్, ఇంట్లనే ఉంటది" అంటుండె, నేను అట్లనే రాస్తుంటి. లోపల ఆమె చాట ముంగట కూసొనే ఉంది! మా సూపర్‌వైజర్ సారు నా కాయితాలు చూసి మళ్ల పంపిండు. ఇంట్ల కూసోని బీడీలు చేసినా అది పనే, గృహ పరిశ్రమ కింద రాయాలె, ఏడాదిల ఆరు నెలలకు పైన చేస్తే ముఖ్య పనిమంతురాలు అని రాయాలె. మళ్ల ఆ ఇండ్లకు పోయి, ఈసారి ఆడవాళ్లనే పిలిచి అడిగిన. ఒక్క గల్లీల పనిచేసే ఆడవాళ్ల లెక్క నాలుగు నుంచి ఇరవైకి పైన అయింది. ఆ తప్పు నేను మర్చిపోలేదు, తర్వాత 2011ల నా కింద పనిచేసిన టీచర్లందరికి మొదటి దినమే చెప్పిన: ఆడమనిషి పని సంగతి ఆడమనిషినే అడుగుండ్రి.

పట్నంల ఇప్పటి పిల్లలు బీడీలు చెయ్యరు, చెయ్యాల్నని గూడ ఎవరూ అనరు. డిగ్రీ చదివినోళ్లు ప్రైవేట్ బళ్లల్ల, దవాఖానలల్ల, కలెక్టరేట్ వచ్చినంక ఆఫీసులల్ల పని చేస్తున్నరు. జిల్లా అయినంక ఊరు పెరిగింది, శాంతినగర్ దిక్కు, మంచిర్యాల చౌరస్తా దిక్కు కొత్త ఇండ్లు, అపార్ట్‌మెంట్లు లేచినయి. మీ చెల్లె చదువుకుంది అన్నవు కదా, పని చేస్తా అంటే అడ్డం చెప్పే ఊరు కాదు, ఆడవాళ్లు సంపాదించుడు ఈడ కొత్త కాదు.

శ్రీరాంసాగర్ కట్టినప్పుడు మునిగిన ఊళ్ల మాట చెప్పకుంటే గల్ఫ్ సంగతి సగమే అయితది. న్యూ వెల్మల్, న్యూ ముజ్గి అని పేర్లకు ముంగట న్యూ ఉన్న ఊళ్లు కనిపిస్తయి గదా, పాతవి నీళ్లల్ల పోయినయి. గోదారి ఒడ్డు నల్లరేగడి పోయి, గుట్టలల్ల మొరం భూమి వచ్చింది. పాస్‌పోర్టు ముందుగాల తీసుకున్నది ఆ ఇండ్ల పిల్లలే అని నా అనుభవం. నీళ్లు అవుతల ఎన్నో జిల్లాలకు పోయినయి, మీ వరంగల్ కాలువలకు గూడ వస్తున్నయి.

ఇంక నీ పని మాట. సంబంధం చూడ పోయినప్పుడు ఈ సంగతులు సాఫ్ సీదా అడుగుండ్రి, ఈడ ఎవరూ తప్పు పట్టరు. పిల్లగాడు ఈడ్నే పని చేస్తుండా, బయట దేశంలనా. గల్ఫ్ అయితే కంపెనీ వీసానా, ఆజాద్ వీసానా (అంటే ఖాయం కంపెనీ లేకుండ పోయి పని ఎతుక్కునేదా), రెండేండ్లకోసారి సెలవు ఉన్నదా, ఫ్యామిలీని తీస్కపోయే జీతమా కాదా. మా దిక్కు పెండ్లి కోసం రెండు నెలల సెలవు మీద వచ్చి, పెండ్లి చేస్కొని, పుట్టింటి పసుపు ఆరకముందే మళ్ల ఎక్కి పోయినోళ్లు చాన మంది. అట్ల ఉండి గూడ మంచిగ బతికిన జంటలను చూసిన, కాయితం లేక ఖల్లివెల్లి అయి, అంటే దొంగచాటుగ పని చేస్కుంట, ఏడేండ్లు ఇంటి మొఖం చూడని మొగన్ని గూడ చూసిన. ఆ ఏడేండ్లు ఆ పిల్ల, అత్త ఇద్దరే ఇల్లు నడిపిండ్రు, అత్త ఆమెను కడుపుల పెట్టుకొని చూసింది. అందుకే అత్తతోని ఒక పూట కూసొని మాట్లాడుండ్రి, పిల్లగానితోని మాట్లాడిన దానికంటే ఎక్కువే మాట్లాడుండ్రి. మగవాళ్లు లేని ఇండ్లల్ల మీ చెల్లె దినాలు ఆమెతోనే గడుస్తయి.

2011 తర్వాత జనగణన కాలేదు, 2021ల కావాల్సింది కరోనాతోని ఆగింది, అందుకే నువ్వు చూసిన అంకెకు గూడ వయసు మీద పడ్డది. అప్పుడు మేము తాళం అని రాసుకున్న ఇండ్లల్ల ఇప్పుడు ఎవరున్నరో తెల్వాలంటే పోయి చూసుడే.

వాళ్లది ఏ పేటనో చెప్పు, ఇంటి పేరు, మనుషుల పేర్లు ఈడ రాయకు. ఆ గల్లీ ఎట్లుంటదో, నీళ్లు ఎన్ని దినాలకోసారి వస్తయో, పక్కన ఎవరుంటరో నాకు తెల్సినంత చెప్తా.